మూసా తల్లికి వచ్చింది వహీ కాదా?

గోదావరిఖనిలో మా క్వార్టర్ల దగ్గర ఆడవాళ్ల ఇజ్తెమా జరిగింది. పెళ్లయిన ఆడపిల్ల ఉద్యోగానికి పోవచ్చా అన్న మాట వచ్చింది. ఉపన్యసిస్తున్న ఆపా నావైపు తిరిగి, "లక్షా ఇరవై నాలుగు వేల మంది ప్రవక్తల్లో ఒక్క ఆడమనిషి ఉన్నదా బేటీ?" అని అడిగింది. అందరూ తలలూపారు. సాహిత్యంలో డాక్టరేట్ ఉన్న నేనూ నోరు మూసుకున్నాను. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నాను.

ఆ సంఖ్య హదీసు సంప్రదాయంలోది. ఖుర్ఆన్ పేరుపెట్టి చెప్పిన ప్రవక్తలు 25 మంది, అందరూ పురుషులే. ముహమ్మద్ (స)తో ఆ పరంపర ముగిసిందన్నది నా విశ్వాసం కూడా. కొత్త ప్రవక్తను అడగడం లేదు నేను. ఉన్న లెక్క ఎవరు రాశారని అడుగుతున్నాను.

వహీ అందుకున్నవారు నబీ. దాన్ని ఒక జాతికి చేర్చే బాధ్యతతో వచ్చినవారు రసూల్. తెలుగులో మనం తరచూ రెంటినీ "ప్రవక్త"లో కలిపేశాం. కార్డోవా పండితుడు ఇబ్న్ హజ్మ్ (994-1064) సరిగ్గా ఈ తేడానే పట్టుకున్నాడు. పురుషులనే పంపామనే యూసుఫ్ సూరా 109వ ఆయత్ రసూళ్ల సంగతనీ, మర్యమ్, మూసా తల్లి నబీలేననీ వాదించాడు. ఎక్కువమంది పండితులు ఒప్పుకోలేదు.

ఖసస్ సూరా ఏడో ఆయత్‌లో మూసా తల్లి విషయంలో వాడింది వహీ క్రియే. వ్యాఖ్యాతలు చాలామంది దాన్ని ఇల్హామ్, అంటే మనసుకు తోచడం, అనేశారు. తేనెటీగకూ వహీ వచ్చిందిగా అంటారు. వచ్చింది. గూడెక్కడ కట్టాలో చెప్పింది. ఈ తల్లికి బిడ్డను నదిలో వదలమని ఆజ్ఞ, తిరిగి ఇస్తామని మాట, అతన్ని రసూల్‌ని చేస్తామని భవిష్యత్తు! కల చూసి కొడుకు మెడ మీద కత్తిపెట్టిన ఇబ్రాహీంది ప్రవక్త విశ్వాసమైతే, ఈమెది ఉత్త తల్లిమనసా? ఆయన పేరున ఏటా బక్రీద్ చేస్తాం. ఈమె పేరు మా ఇళ్లలో ఎవరికీ తెలియదు.

తెలుగు బైబిలు మూసా అక్కను "ప్రవక్త్రి" అంటుంది. మాట మన భాషలో ఉందన్నమాట.

ఇక ఉద్యోగం. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలోకి దిగనివ్వలేదు. దాంతో బాయి దిగడం ఆడవాళ్లకు చేతకాదని మా ఊళ్లు నమ్మాయి. ఈ దేశపు బొగ్గుగనుల్లో పూర్వం ఆడవాళ్లు దిగి పనిచేశారన్నది మరిచాయి. 2019లో షరతులతో అనుమతిచ్చారు. అడ్డం నిలిచింది చట్టమే, ఆడతనం కాదు.

ఆపా, వచ్చే ఇజ్తెమాలో ఆ ఏడో ఆయత్ మీరు చదవండి. ఈసారి ప్రశ్న నేనడుగుతాను.