లిస్టులో లేనివాళ్లు

న్యూజెర్సీలో ఉంటున్న మా చిన్నాడపడుచు ఈమధ్య ఇల్లు మారింది. అద్దెంత, స్కూలెంత దూరం అని నేనడుగుతుంటే "అవన్నీ తర్వాత వదినా, ముందు ఆ వీధిలో ఎవరున్నారో లిస్టు చూసుకున్నాం" అంది. లైంగిక నేరాల్లో శిక్షపడ్డవాళ్లలో ప్రమాదకరమైనవాళ్ల ఫొటో, పేరు, చిరునామా అక్కడ ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఇద్దరాడపిల్లల తల్లి, చూసుకోదూ మరి!

ఆ లిస్టు వెనక ఓ పసిపిల్ల ఉంది. 1994 జులైలో ఆ రాష్ట్రంలోనే ఏడేళ్ల మేగన్‌ను ఎదురింటివాడు కుక్కపిల్లను చూపిస్తానని పిలిచి, అత్యాచారం చేసి చంపేశాడు. పిల్లలపై నేరాలకు వాడికి అంతకుముందే రెండుసార్లు శిక్షపడింది. ఆ సంగతి కన్నవాళ్లకు తెలియదు. తెలుసుకునే హక్కు మాకు లేదా అని వాళ్లు పోరాడితే, అక్టోబరు ఆఖరుకల్లా రాష్ట్రంలో చట్టం వచ్చింది. 1996లో దేశమంతటికీ వచ్చింది. మోంటానా, కాన్సస్ రాష్ట్రాల్లోనైతే హత్యల్లాంటి హింసాత్మక నేరాలు చేసినవాళ్లనూ జాబితాకెక్కిస్తారు.

మన దేశంలోనూ 2018 సెప్టెంబరులో లైంగిక నేరస్థుల జాబితా మొదలైంది. 4 లక్షల పైచిలుకు పేర్లతో. కాకపోతే పోలీసులు, దర్యాప్తు సంస్థలే చూడాలి, మనలాంటివాళ్లకు వీల్లేదు. ఇదేం న్యాయం అని మావారితో పెద్ద వాదనే పెట్టుకున్నాను.

తర్వాత నాకే అనుమానమొచ్చింది. నేర గణాంకాల బ్యూరో లెక్కల ప్రకారం అత్యాచారం కేసుల్లో నూటికి 90కి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. చుట్టం, పొరుగువాడు, పెళ్లి చేసుకుంటానన్నవాడు. ఇంట్లో పిల్లమీదే చెయ్యివేసినవాడి పేరు చాలావరకు న్యూజెర్సీవాళ్లు కూడా ఇంటర్నెట్‌లో పెట్టరు. పెడితే ఆ పిల్లెవరో ఊరందరికీ తెలిసిపోతుంది కదా! నిజమే. అంటే వీధిలోవాడు కనపడతాడు, ఇంట్లోవాడు కనపడడు. పోనీ మనదగ్గర అందరి ఫొటోలూ బయటపెడతారనుకోండి. మేనమామ మీద కేసు పెడతానన్న తల్లిని పుట్టింటివాళ్లు పెట్టనిస్తారా? శిక్షపడితేనే కదా లిస్టుకెక్కేది, అసలు కేసే లేకపోతే?

వచ్చే వేసవిలో మా మరిది పెళ్లికి పిల్లలతో వస్తోంది మా ఆడపడుచు. పెళ్లింట్లో రాత్రిళ్లు పిల్లలంతా హాల్లో వరసగా పడుకోవడం మామూలే. ఫోను పెట్టేసే ముందు "మా పిల్లల్ని నీ గదిలోనే పడుకోబెట్టుకో వదినా" అంది.

ఎందుకని నేనడగలేదు.