ఎండ వార్త సరే... మరి ఉక్క మాటేమిటి?

మార్చి దాటిందంటే చాలు, పేపరు మొదటి పేజీలో సూర్యుడు ప్రత్యక్షమవుతాడు. నెర్రెలు విచ్చిన చెరువు, ముఖానికి చున్నీ చుట్టుకుని స్కూటీ మీద వెళ్తున్న అమ్మాయి, పక్కనే ఎర్రక్షరాల్లో ‘నిప్పుల కుంపటి’! లోపలి పేజీలో ‘మంచుకొండలు మాయం’, ‘మునిగిపోనున్న నగరాలు’, ‘భూమికి ఇక గడువు ఇన్నేళ్ళే’ అంటూ శాస్త్రజ్ఞుల పేరు మీద ఇంకో వార్త. చదివిన ఇల్లాలు ఏం చేస్తుంది? పిల్లల భవిష్యత్తు తలచుకుని దిగులు పడుతుంది. లేదంటే ‘ఇది రోజూ ఉండేదేలే’ అని పేజీ తిప్పేస్తుంది. దిగులుకీ విసుగుకీ మధ్య ‘తెలుసుకోవడం’ అనేది ఒకటుంది. జరగాల్సిన ఆ ఒక్కటీ జరగడం లేదు.

వాతావరణ మార్పు ఎవరో పెద్దవాళ్ళు మాట్లాడుకునే విషయం, మనకెందుకు అనుకోవడానికి లేదు. బోరు ఎండిపోతే బిందె పట్టుకుని పరుగెత్తేది ఎవరు? మిట్టమధ్యాహ్నం స్టవ్ ముందు నిలబడేది ఎవరు? వడదెబ్బ తగిలిన మామగారికీ, పొక్కులొచ్చిన పసివాడికీ రాత్రంతా విసిరేది ఎవరు? ఆ భారం మోసేవాళ్ళకి ఆ వార్త సరిగ్గా చేరాలి కదా!

అసలు చిక్కు మాటతోనే మొదలవుతోంది. రేపు వాన పడుతుందా, ఎండ కాస్తుందా అన్నదీ ‘వాతావరణమే’. ముప్పయ్యేళ్ళ లెక్కలకు సగటు కట్టి చెప్పేదీ ‘వాతావరణమే’. రెండోదానికి ‘శీతోష్ణస్థితి’ అని వేరే పేరుందని బడిలో సోషల్ పుస్తకంలో చదువుకున్నాం. పరీక్షలతోపాటే ఆ మాటనీ వదిలేశాం. పత్రికలూ, టీవీలూ రెండింటికీ ఒకే మాట వాడేస్తున్నాయి. దాంతో డిసెంబరులో లంబసింగిలో చలి వణికిస్తే ‘భూమి వేడెక్కుతోందన్నారే, ఇదేంటి మరి?’ అంటాం. మేలో ఎండ మండిపోతే ‘చూశారా, అన్నట్టే అయింది’ అంటాం. రెండూ తొందరపాటే. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు. గిన్నెలో నీళ్ళూ, కింద మంటా అన్ని మెతుకులకీ ఒకటే కాబట్టి! శీతోష్ణస్థితి అలా కాదు. ఒక్క రోజునో, ఒక్క ఊరినో పట్టుకుంటే దాని సంగతి తేలదు.

ఇక అంకెల సంగతి. హిమాలయాల్లోని మంచు 2035 నాటికి కరిగిపోతుందన్న వార్త గుర్తుందా? వాతావరణ మార్పు మీద ప్రపంచ దేశాల కోసం నివేదికలు తయారుచేసే ఐ.పి.సి.సి. 2007లో అలా రాసింది. ఐక్యరాజ్య సమితి అండ ఉన్న సంస్థ చెప్పింది కాబట్టి అందరూ నమ్మారు. తీరా ఆరా తీస్తే ఆ ఏడాదికి ఆధారంగా శాస్త్రజ్ఞులు పరీక్షించి అచ్చువేసిన అధ్యయనం ఒక్కటీ లేదు! 1999లో ‘న్యూ సైంటిస్ట్’ అనే ఇంగ్లీషు పత్రిక ఒక భారతీయ శాస్త్రజ్ఞుడితో మాట్లాడి రాసిన కథనంలో ఆ అంకె కనిపించింది. 2005లో డబ్ల్యూ.డబ్ల్యూ.ఎఫ్. సంస్థ దాన్ని తన నివేదికలోకి తీసుకుంది. అక్కణ్ణించి ఐ.పి.సి.సి.లోకి, ఐ.పి.సి.సి. నుంచి మళ్ళీ ప్రపంచంలోని పత్రికలన్నింటిలోకీ వెళ్ళింది. అంటే ఒక పత్రికలో పుట్టిన మాట పెద్ద ముద్ర వేయించుకుని మళ్ళీ పత్రికలకే వచ్చి చేరిందన్నమాట. ఇంకో విచిత్రం ఏమిటంటే, ప్రపంచంలోని హిమానీనదాల గురించి 1996లో వచ్చిన ఒక నివేదికలో 2350 అని ఉంది. ఎక్కడ 2350, ఎక్కడ 2035!

2010 జనవరి 20న ఐ.పి.సి.సి. ఆ పేరా తప్పేనని ఒప్పుకుని విచారం తెలిపింది. తప్పు దిద్దుకోవడం మంచిదే. కానీ అప్పుడు చాలా చోట్ల వార్తలు రెండో వైపుకి తిరిగిపోయాయి. 938 పేజీల పుస్తకంలో ఒక పేరా తప్పయితే, మొత్తం శాస్త్రమే బూటకమన్నట్టు రాశారు! నిజం ఆ మధ్యలో ఉంది. హిమాలయాల మంచు 2035కి మాయమైపోదు. అలాగని కరగడం ఆగిపోలేదు కూడా. కఠ్మాండూలోని పర్వత ప్రాంతాల అధ్యయన సంస్థ ఇసిమోడ్ 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం, భూమి వేడిని 1.5 డిగ్రీల పెరుగుదల దగ్గర ఆపగలిగినా ఈ శతాబ్దం చివరికి హిందూకుష్ - హిమాలయ మంచులో మూడోవంతు పోతుంది. ఇప్పటి తీరునే సాగితే మూడింట రెండు వంతులు పోతుంది. ఇది చాలదా మనం కంగారు పడటానికి? దీనికి వేరే మసాలా ఎందుకు?

ఆ వార్త చదివి ‘అయ్యో, మన గోదావరి ఎండిపోతుందేమో’ అని భయపడిన వాళ్ళున్నారు. గోదావరి పుట్టింది నాసిక్ దగ్గర త్ర్యంబకంలో. కృష్ణ పుట్టింది మహాబలేశ్వరంలో. రెండూ పడమటి కనుమల్లో పుట్టిన వాననదులు. వాటికి మంచుతో పని లేదు, రుతుపవనాలతోనే పని. హిమాలయ వార్తను తెలుగులో వేసేటప్పుడు ఈ ఒక్క వాక్యం చేరిస్తే ఎంత బాగుంటుంది!

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. 2015 మే నెల ఎండలకి దేశంలో 2 వేల మందికి పైగా చనిపోయారు. ఎక్కువ మంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వాళ్ళే. అంతా భూతాపం వల్లేనని అప్పట్లో వార్తలొచ్చాయి. నిజమేనా అని నెదర్లాండ్స్‌కు చెందిన గీర్ట్ యాన్ వాన్ ఓల్డెన్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞుడు, మన దేశపు శాస్త్రజ్ఞులు కూడా ఉన్న బృందంతో కలిసి లెక్కలు తీశాడు. 2018లో ఆ అధ్యయనం అచ్చయింది. అందులో ఏం తేలిందో తెలుసా? ఏడాదిలో అత్యధిక పగటి ఉష్ణోగ్రత 1970ల నుంచి మన దేశంలో చాలా భాగం పెరిగినట్టు కనిపించలేదు! గాలిలోని దుమ్ము, పొగ ఎండను కొంత అడ్డుకుంటున్నాయి. సాగునీరు ఆవిరై నేలను కొంత చల్లబరుస్తోంది. భూతాపాన్ని ఈ రెండూ ఇంతవరకు కప్పిపుచ్చాయన్నారు వాళ్ళు.

ఇక్కడితో ఆపేసి ‘భారత్‌లో ఎండలు పెరగలేదు: శాస్త్రజ్ఞులు’ అని హెడ్డింగు పెట్టొచ్చు. అబద్ధం కాదు. కానీ నిజమూ కాదు! ఎందుకంటే ఆ అధ్యయనంలోనే రెండో సగం ఉంది. సాగునీటి వల్లా, వేడెక్కిన సముద్రం వల్లా గాలిలో తేమ పెరిగింది. వేడినీ తేమనూ కలిపి చూస్తే ఒంటికి తగిలే దెబ్బ గత కొన్ని దశాబ్దాల్లో పెరిగింది. మనుషుల ఆరోగ్యం వైపు నుంచి చూస్తే వడగాడ్పులు మరింత తీవ్రమయ్యాయని ఆ బృందం తేల్చిచెప్పింది.

దీన్ని అర్థం చేసుకోవడానికి మనకు పెద్ద చదువులు అక్కర్లేదు. తెలుగులో ఎండ వేరు, ఉక్క వేరు. ముసురు పట్టిన రోజు దండెం మీద బట్ట ఆరదు కదా, ఉక్కపోతలో ఒంటి మీద చెమటా అంతే. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. హైదరాబాదులో హాయిగా పనిచేసే కూలరు బెజవాడలో ఎందుకు పనికిరాదో ప్రతి ఇల్లాలికీ తెలుసు. వాతావరణ శాఖ కూడా మైదానాల్లో 40 డిగ్రీలు దాటాకే వడగాడ్పుల లెక్క చూస్తుంది గానీ, తీరప్రాంతాల్లో 37 నుంచే చూస్తుంది. అలాంటప్పుడు పేపర్లో ఒక్క డిగ్రీల అంకె వేసి ఊరుకుంటే ఎలా? కిటికీ లేని వంటింట్లో కుక్కరు ఆవిరి మధ్య నిలబడ్డ ఆమెకీ, నీళ్ళు పారే మడిలో వంగి కలుపు తీస్తున్న ఆమెకీ ప్రాణం తీసేది ఆ అంకెలో లేని ఉక్క! ఎండ రికార్డుల్లో రెంటచింతలా, రామగుండమా అని పోటీ పెట్టే వార్తల్లో వీళ్ళెక్కడా కనిపించరు.

మాటల అనువాదంలోనూ బోలెడు పొరపాట్లు దొర్లుతుంటాయి. 2022 మార్చి, ఏప్రిల్ నెలల్లో భారత్, పాకిస్తాన్‌లను వేపిన వడగాడ్పులకు అవకాశాన్ని వాతావరణ మార్పు సుమారు 30 రెట్లు పెంచిందని శాస్త్రజ్ఞులు చెప్పారు. వేడి 30 రెట్లు పెరిగిందని కాదు! అంత తీవ్రంగా వచ్చే అవకాశం పెరిగిందని. వేడి మాత్రం సుమారు ఒక డిగ్రీ పెరిగిందన్నారు. అలాగే ఐ.పి.సి.సి. వాళ్ళు ‘జరగవచ్చు’ అంటే నూటికి కనీసం 66 పాళ్ళు అవకాశం, ‘చాలావరకు జరగవచ్చు’ అంటే కనీసం 90 పాళ్ళు అని ముందే లెక్క కట్టుకున్నారు. మన దగ్గరికొచ్చేసరికి ఒకటి ‘ఖాయం’ అయిపోతుంది, ఇంకోటి ‘బహుశా’ అయిపోతుంది. 2024లో భూమి సగటు వేడి పారిశ్రామిక యుగానికి ముందటి కంటే సుమారు 1.55 డిగ్రీలు పెరిగిందని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది. ‘పారిస్ హద్దు దాటేశాం, ఇక అంతే’ అనుకున్నవాళ్ళున్నారు. 2015 పారిస్ ఒప్పందంలోని హద్దు ఒక్క ఏడాదిది కాదు, దీర్ఘకాలపు సగటుది. హెచ్చరిక నిజమే, ఆట మాత్రం ముగియలేదు.

ఇక ‘రెండు పక్షాలూ వినాలి’ అనే న్యాయం ఒకటి. టీవీలో ఇద్దరిని కూర్చోబెట్టి, ఒకరు అవుననీ ఒకరు కాదనీ వాదించుకుంటుంటే ఎంతో సమన్యాయంగా ఉంటుంది. అమెరికాలోని నాలుగు పెద్ద పత్రికల్లో 1988 నుంచి 2002 దాకా వచ్చిన వార్తల మీద మాక్స్‌వెల్ బాయ్‌కాఫ్, జూల్స్ బాయ్‌కాఫ్ అనే అన్నదమ్ములు 2004లో ఒక అధ్యయనం ప్రచురించారు. సగానికి పైగా వార్తల్లో, భూతాపానికి మనుషులే కారణమన్న వాదనకూ, కాదన్న వాదనకూ సరిసమానంగా చోటిచ్చారట. శాస్త్రజ్ఞుల్లో మాత్రం అప్పటికే ఆ రెండు వాదనలూ సమానం కావు! వందమందీ ఒక్కరూ చెరో పళ్ళెంలో కూర్చుంటే తక్కెడ సమంగా ఉందని చూపించడం న్యాయం ఎలా అవుతుంది?

విలేకరులందరూ నిర్లక్ష్యం మనుషులని మా ఉద్దేశం కాదు. డెస్కులో కూర్చున్న సబ్ ఎడిటర్ ముందుకు వార్తా సంస్థ పంపిన నాలుగు పేరాల ఇంగ్లీషు కాపీ వస్తుంది. అరగంటలో తెలుగు చెయ్యాలి. అసలు అధ్యయనం తెరిచి చూసే తీరికేదీ? కానీ తీరిక లేకపోవడం కారణం అవుతుందే గానీ, సమాధానం కాదు. ధరల పట్టిక తప్పు వేస్తే మర్నాడు సవరణ వేస్తాం. ప్రాణాలతో ముడిపడ్డ అంకెకి ఆపాటి శ్రద్ధ అక్కర్లేదా?

పాఠకులుగా మనం చేయగలిగిందీ ఉంది. ఆషాఢం సేల్‌లో ‘సగం ధరకే’ అని బోర్డు చూస్తే ఊరికే కొనేస్తామా? ‘ఏ ధర మీద సగం? పోయిన నెల ఎంతకమ్మారు?’ అని అడగమూ! శాస్త్రం పేరుతో వచ్చే వార్తనీ అలాగే అడుగుదాం. ఎవరు చెప్పారు? పరిశోధన ఎక్కడ అచ్చయింది? ఏ కాలంతో పోల్చి చెబుతున్నారు? ఖాయమన్నారా, అవకాశమన్నారా? మన ఊరికి దీంతో సంబంధమేమిటి? వీటిలో ఒక్కదానికైనా జవాబు లేని వార్తని వాట్సాప్‌లో పదిమందికి పంపే ముందు ఒక్క నిమిషం ఆగుదాం.

అంతేకాదు, మనకేం కావాలో పత్రికలకి రాద్దాం. డిగ్రీల పక్కనే తేమ శాతం వెయ్యమందాం. వేడినీ తేమనూ కలిపి చెప్పే ‘హీట్ ఇండెక్స్’ను వాతావరణ శాఖ 2023లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. దాన్ని మన జిల్లాలకి అర్థమయ్యేలా చెప్పమందాం. రాత్రి ఉష్ణోగ్రత కూడా వెయ్యమందాం, రాత్రి ఒళ్ళు చల్లబడకపోతే తెల్లారి పనిచేసేది మనమే కదా! పగిలిన చెరువు బొమ్మ బదులు, పొలంలో, ఇటుక బట్టీలో, వంటింట్లో ఆ వేడిని భరిస్తున్న ఆడవాళ్ళని కలిసి రాయమందాం.

భయపెట్టే వార్త ఒక్క రోజు ఉంటుంది. సరైన వార్త ఏ వేళ పొలం పనికి వెళ్ళకూడదో, ఏ పూట పొయ్యి వెలిగించకూడదో చెబుతుంది. మనకి కావలసింది ఆ రెండోదే. అడిగి తీసుకుందాం!