అన్నం తగ్గించండి, అప్పు చేయకండి

మొన్న ఒక సోదరి దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. ఊరు, పేరు వేయవద్దన్నారు గనుక వేయటం లేదు. భర్తకు 46 ఏళ్ళు, బరువు 88 కిలోలు, కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం, నాలుగేళ్ళుగా షుగరు. స్నేహితుడెవరో చెప్పగా అన్నం పూర్తిగా మానేసి బాదంపప్పు, పన్నీరు, నెయ్యి, కొబ్బరినూనె మొదలుపెట్టారు. మూడు వారాల్లో 5 కిలోలు తగ్గారు. ఆ నెల కిరాణా ఖర్చు మాత్రం మామూలుకంటె 5,000 రూపాయలు ఎక్కువైంది. "సర్దుబాటు కోసం లీటరు పాలు అర లీటరు చేశాను. ఆయన వంట వేరు, మా వంట వేరు. పిల్లలకు పప్పు ఉంచి నేను పచ్చడి మెతుకులతో సరిపెట్టుకుంటున్నాను. మధ్యాహ్నానికి కళ్ళు తిరుగుతున్నాయి. ఈ డైటు మా బోటి వాళ్ళకు కాదంటారా, డాక్టరుగారూ?" అని అడిగారు.

మీ బోటి వాళ్ళకు పనికొస్తుందమ్మా. కాని ఇలా చేస్తే కాదు.

ముందుగా మీ ఆయన పక్షాన ఒక మాట చెప్పాలి. అన్నం తగ్గించాలన్న ఆలోచనలో తప్పు లేదు. ఉదయం ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం టీతో బిస్కట్లు, రాత్రి మళ్ళీ అన్నం. మన ఇళ్ళలో రోజు ఇలాగే గడుస్తుంది, ఇదంతా పిండిపదార్థమే. కుక్కరుతో పాటు వచ్చే కొలత గ్లాసులో సుమారు 150 గ్రాముల బియ్యం పడతాయి. అందులో 115 గ్రాములకు పైగా పిండిపదార్థం, 500కు మించి కేలరీలు ఉంటాయి. మాంసకృత్తులు 10, 12 గ్రాములే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనల్లో, రోజుమొత్తం కేలరీలలో ధాన్యాల ద్వారా, చిరుధాన్యాల ద్వారా వచ్చేవి 45 శాతం మించరాదని చెప్పింది. మనలో చాలామంది అంతకంటె బాగా ఎక్కువే తింటున్నాం. రేషను బియ్యం చేతికి వచ్చే ఇంట్లో అన్నమే అన్నిటికన్న చౌక గనుక, కడుపు నింపే బాధ్యతంతా దానిమీదే పడుతుంది.

ఇక ఆ 5 కిలోల సంగతి. శరీరంలో నిలవ ఉండే పిండిపదార్థం తన బరువుకు మూడింతల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం మానగానే ఆ నిలవ ఖర్చయి నీళ్ళు బయటకు పోతాయి. మొదటి వారంలో తగ్గిన బరువులో ఎక్కువ భాగం ఈ నీరే. పండుగకు నాలుగు పూటలు పులిహోర తింటే అది తిరిగి వచ్చేస్తుంది, మనిషి నీరసపడి "ఇదంతా నాటకం" అంటాడు. వారానికి అర కిలో చొప్పున తగ్గితే చాలు. 88 కిలోల మనిషి నాలుగైదు కిలోలు తగ్గి అక్కడ నిలబడగలిగినా షుగరులోను, రక్తపోటులోను తేడా కనిపిస్తుంది. బరువుతోపాటు దర్జీ టేపుతో నడుము కూడా కొలుచుకోండి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు.

బాదంపప్పు లేనిదే బరువు తగ్గదన్న శాస్త్రం ఎక్కడా లేదు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు 609 మందిని ఏడాదిపాటు పరిశీలించి 2018లో ఫలితాలు ప్రకటించారు. పిండిపదార్థం తగ్గించినవారు సగటున 6 కిలోలు, కొవ్వు తగ్గించినవారు 5.3 కిలోలు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా లేదు. అన్నం తగ్గించటం ఒక మంచి మార్గం, అంతే. అన్నం తగ్గించినచోట నూనె పోసి నింపితే మాత్రం లాభం లేదు. ఏ నూనె అయినా గ్రాముకు 9 కేలరీలు. పైగా కొబ్బరినూనెలో 90 శాతం దాకా సంతృప్తపు కొవ్వే గనుక చెడ్డ కొలెస్టరాలును పెంచుతుంది. గ్లాసులతో నూనె తాగి, ఆ తర్వాత రక్తపరీక్ష కాగితం పట్టుకుని నా దగ్గరకు వచ్చినవారు ఒకరిద్దరు కాదు.

తగ్గించిన అన్నం స్థానంలోకి రావలసింది ముఖ్యంగా కూర, మాంసకృత్తులు. ఈ రెండోదానికి ఇల్లాలు ఒక చిన్న లెక్క వేసుకోవాలి. మా ఊళ్ళో ధర ప్రకారం గుడ్డు 7 రూపాయలు, అందులో 6 గ్రాముల మాంసకృత్తులు. అంటే గ్రాముకు రూపాయి పైచిలుకు. వేరుశనగపప్పు 100 గ్రాములు 15 రూపాయలు, మాంసకృత్తులు 25 గ్రాములు. గ్రాముకు 60 పైసలు. బాదంపప్పు 100 గ్రాములు 90 రూపాయలు, మాంసకృత్తులు సుమారు 20 గ్రాములు. గ్రాముకు నాలుగున్నర రూపాయలు! మీ ఊళ్ళో ధరలు వేరుగా ఉండవచ్చు, ఈ వరుస మాత్రం పెద్దగా మారదు. సోయా ముక్కలు ఇంకా చౌక, బరువులో సగం మాంసకృత్తులే. వేరుశనగలో నూనె ఎక్కువ గనుక రోజుకు ఒక గుప్పెడు చాలు. కందిపప్పులో, పెసలలో నూటికి 20 పాళ్ళకు పైగా మాంసకృత్తులున్నా, సగానికి పైగా పిండిపదార్థం కూడా ఉంది. కాబట్టి పప్పును అన్నంలోకి అదనంగా కాక, కొంత అన్నానికి బదులుగా తినాలి.

చిరుధాన్యాల విషయంలో కూడా చాలామంది మోసపోతున్నారు. బియ్యం మాని, ఎక్కువ ధర పెట్టి కొర్రలు, రాగులు కొని, కడుపునిండా తిని, "అయినా తగ్గటం లేదండీ" అంటారు. వాటిలో పీచు ఎక్కువ, మంచివే. కాని నూటికి 60, 70 పాళ్ళు పిండిపదార్థమే. రాత్రి అన్నం మానేశానని గర్వంగా చెప్పి ఐదు చపాతీలు తినేవారిదీ ఇదే కథ.

రెండు వంటలు వద్దు. ఒకే వంట, వడ్డన మాత్రం వేరు. ఆయన కంచంలో ముందు గిన్నెడు కూర వేయండి. బీర, సొర, పొట్ల, దోస, వంకాయ, బెండ, గోరుచిక్కుడు, ఏ ఆకుకూరైనా సరే. బంగాళాదుంప, చేమ, కంద మాత్రం అన్నం లెక్కలోకే వస్తాయి. తరువాత గట్టిపప్పో, రెండు గుడ్లో, చేపముక్కలో. ఆపైన ఇదివరకు తినేదానిలో సగం అన్నం, ఆఖర్న పలుచని మజ్జిగ. మారు వడ్డన అడిగితే కూరే వడ్డించండి. ఉదయం ఇడ్లీలకు బదులు రెండు పెసరట్లు, ఉప్మా లేకుండా. (ఉప్మా లేని పెసరట్టు ఏం పెసరట్టని ఆయన అంటే, ఆ మాట నాకూ తెలుసునని చెప్పండి.) పిల్లలకు, పెద్దవాళ్ళకు మామూలు వడ్డనే. గర్భిణులు, బాలింతలు, ఎదిగే పిల్లలు ఇటువంటి పథ్యాలు చేయరాదు.

డబ్బెక్కడిదంటారా? ఆయన ఆఫీసు దగ్గర తాగే పంచదార టీలు, సాయంత్రం మిరపకాయ బజ్జీలు కలిపి రోజుకు 40 రూపాయలు తక్కువ కావు. నెలకు పాతిక రోజులకు వెయ్యి రూపాయలు. పథ్యంలో ముందుగా మానవలసినవి అవే. అదే డబ్బుతో ఆ రోజుల్లో ఐదేసి గుడ్లు వస్తాయి, అంటే ఇంట్లో అందరికీ సరిపోతాయి. కూరలు సాయంత్రం బేరానికి దొరుకుతాయి. పాలు మళ్ళీ లీటరు చేయండి.

ఇప్పుడొక ముఖ్యమైన హెచ్చరిక. మీ ఆయన వాడే మాత్రల పేర్లు మీరు వ్రాయలేదు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలుగాని, ఇన్సులిన్‌గాని వాడుతూ ఒక్కసారిగా అన్నం మానేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, ఆకలి, మాట తడబడటం దాని గుర్తులు. అప్పుడు పథ్యం చూడకుండా మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, తగ్గకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయవద్దు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడేవారు అన్నం బొత్తిగా మానేస్తే, షుగరు పెద్దగా పెరగకపోయినా రక్తంలో ఆమ్లాలు పెరిగి వాంతులు, ఆయాసం రావచ్చు. అదీ ప్రాణాపాయమే. కాబట్టి అన్నం తగ్గించే ముందే మాత్రల చీటీతో డాక్టరును కలవాలి, తరచుగా మాత్ర మోతాదు తగ్గించవలసి వస్తుంది. రక్తపోటు మాత్రలకూ ఇదే వర్తిస్తుంది. మూత్రపిండాల జబ్బున్నవారు మాంసకృత్తులు ఎంత తినాలో అడగనిదే పెంచకూడదు.

చివరగా మీ సంగతి. ఉత్తరంలో మీ గురించి ఒక్క వాక్యమే వ్రాశారు. నన్ను ఎక్కువ కంగారు పెట్టింది అదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. కళ్ళు తిరగటాన్ని ఎండమీదికో, పనిమీదికో తోసేయకండి. దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. ఇనుము మాత్రలు ఇస్తే టీ, కాఫీలకు ఒక గంట ఎడంగా, నిమ్మరసంతో వేసుకోండి. రేపటినుంచి ఆ ఐదు గుడ్లలో ఒకటి మీ కంచంలో ఉండాలి. ఆయనకు వడ్డించాక మిగిలితే కాదు, ముందే తీసి పెట్టుకోండి. రిపోర్టు వచ్చాక, ఆయన మాత్రల పేర్లతో కలిపి మళ్ళీ ఉత్తరం వ్రాయండి.