రాత్రి పదకొండింటికి కుందేలు మేత మానేస్తే...

శనివారం రాత్రి పదకొండు. ఫోన్ పక్కన పెట్టి పడుకోబోతూ బోను వైపు ఒక చూపు వేశారు. సాయంత్రం వేసిన గరిక వేసినట్టే ఉంది. కొత్తిమీర కట్ట చూపిస్తే రోజూ కాళ్ల మీదికి ఎగబడే కుందేలు ఇవాళ మూలన ముడుచుకుని కూర్చుంది. బోను కింద పెంటికలు కూడా లేవు. "ఎండకి డీలా పడి ఉంటుందిలే, పొద్దున చూద్దాం" అని లైటు ఆర్పేశారు. తెల్లారితే ఆదివారం.

మా ఇంట్లో సరిగ్గా ఇట్టాగే జరిగింది. మాది చేజర్ల. పావురం కోసం శిబి చక్రవర్తి ఒంటి కండ కోసిచ్చాడని చెప్పుకునే కపోతేశ్వరుడి చేజర్ల కాదు, అది పల్నాడులో ఉంది. మాది నెల్లూరు జిల్లా చేజర్ల, పెన్న దాటితే ఆత్మకూరు. పేరు ఒకటే, గుడి మాత్రం వాళ్లది. మా చెల్లెలి కుందేలు పేరు మల్లి. ఆదివారం సాయంత్రానికి దాని కడుపు ఉబ్బింది. గొడ్ల డాక్టరు నంబరు మా దగ్గర లేదు. ఎవరో చెప్పారని మెడికల్ షాపులో పిల్లకాయలకి పట్టించే అమాక్సిసిలిన్ సిరప్ తెచ్చి రెండు రోజులు తాగించాం. మంగళవారం రాత్రి పోయింది. సిరప్ చంపిందో, ఆలస్యం చంపిందో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ రెండిట్లో ఏ ఒక్కటైనా చాలని మాత్రం తర్వాత తెలిసింది.

కుక్క ఒక పూట తినకపోతే కంగారు పడక్కర్లేదు. కుందేలు విషయం అట్టా కాదు. దాని పేగులు రాత్రీ పగలూ కదులుతూనే ఉండాలి, లోపలికి పీచు పడుతూనే ఉండాలి. మేత ఆగితే పేగు మందగిస్తుంది, గ్యాసు పడుతుంది, నొప్పి పుడుతుంది. నొప్పి పుడితే ఇంకా తినదు. అట్టా చక్రం తిరుగుతుంది. వాంతి చేసుకుని బయటపడదామన్నా కుదరదు, కుందేలుకి వాంతి రాదు. అందుకే పది పన్నెండు గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు వేయకపోయినా ఎమర్జెన్సీ కిందే లెక్క కడతారు డాక్టర్లు. పైగా అది వేటాడబడే జంతువు. నొప్పి పైకి చూపిస్తే నక్కకి దొరికిపోతుందని దాని రక్తంలో ఉంది. అరవదు, కుంటదు, మూలుగదు. మనకి తెలిసేసరికే సగం సమయం అయిపోయి ఉంటుంది. పళ్లు గట్టిగా నూరుతుంటే, వీపు వంచి కడుపు నేలకి అదుముకుంటుంటే, చెవులు చల్లబడితే అది అరిచినట్టే అనుకోండి.

మరి ఆ రాత్రి చేజర్లలోనో, కలువాయిలోనో, ఉదయగిరిలోనో ఉన్న మనిషి ఎక్కడికి పోవాలి?

మొదట గుర్తొచ్చేది 1962. పశువుల అంబులెన్సు నంబరు, టోల్ ఫ్రీ. 2022 మేలో మన రాష్ట్రంలో నియోజకవర్గానికి ఒకటి చొప్పున 175 బండ్లు మొదలుపెట్టారు. మంచి పనే. అయితే అది గొడ్లూ జీవాలూ ఎక్కువున్న రైతుల్ని దృష్టిలో పెట్టుకుని వచ్చింది. అర్ధరాత్రి కుందేలు కోసం బండి గుమ్మం ముందుకొస్తుందని లెక్క వేసుకుని కూర్చోకండి. పగలే ఒకసారి ఫోన్ చేసి, ఏ వేళల్లో వస్తారు, కుందేలుని చూస్తారా అని అడిగేస్తే ఆ అనుమానం తీరిపోతుంది.

ఇక మండలం పశువైద్యశాల. మన దగ్గర చాలామంది "ఆయన గొడ్ల డాక్టరు కదా, కుందేలు గురించి ఏం తెలుసు" అని అటువైపే చూడరు. నేనూ అట్టాగే అనుకున్నా. తప్పు. కుందేలుకి కావాల్సిన మందులు చాలావరకు గొడ్లకు వాడేవే. నొప్పికి మెలాక్సికామ్, ఇన్ఫెక్షనుకి ఎన్రోఫ్లాక్సాసిన్, గజ్జికి ఐవర్‌మెక్టిన్, ఒంట్లో నీరు తగ్గితే చర్మం కింద ఎక్కించే సెలైన్. తేడా అంతా డోసులో ఉంది. నాలుగు వందల కిలోల ఎనుముకి వేసే చెయ్యి రెండు కిలోల ప్రాణికి లెక్క కట్టాలి. రోజూ కుందేళ్లని చూసే అలవాటు లేని డాక్టరు కొంచెం తటపటాయిస్తారు, అది సహజం. ఆ తటపటాయింపు రాత్రి పన్నెండింటికి కాకుండా ఒక మంగళవారం పొద్దున పది గంటలకి తీరిపోతే ఎంత బాగుంటుంది?

రాత్రి వైద్యం పగలే కుదుర్చుకోవాలి అంటున్నది అందుకే. కుందేలు బాగున్నప్పుడే దాన్ని అట్టపెట్టెలో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లండి. "సార్, ఏం రోగం లేదు. ఒకసారి చూసి పెట్టండి, పళ్లు, చెవులు, గోళ్లు" అనండి. డాక్టరు నవ్వుతారు, నవ్వనివ్వండి. పళ్లు చూడటం ఊరికే కాదు, కుందేలు పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమిలి అరగకపోతే మొనదేలి నాలుకనీ బుగ్గనీ గీస్తాయి. మేత మానేయడానికి అదొక పెద్ద కారణం. చూడటం అయ్యాక మెల్లగా అడగండి: సాయంత్రం ఆసుపత్రి మూశాక ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలి సార్? ఆదివారం మీరు ఊళ్లో ఉంటారా? మీరు లేకపోతే ఎవరి దగ్గరికి పొమ్మంటారు?

ఇంకో ప్రశ్న ఉంది, అది నాకు బాగా ఇష్టం. "ఆపరేషన్ చేయాల్సి వస్తే ముందు రాత్రి నుంచి మేత ఆపేయాలా సార్?" కుక్కకీ పిల్లికీ ఆపుతారు. వాంతే రాని కుందేలుకి అట్టా రాత్రంతా పస్తు పెట్టరు. ఈ ఒక్క జవాబుతో ఎదుటివాళ్లు కుందేళ్లని చూసినవాళ్లా కాదా తెలిసిపోతుంది. తెలియదంటే చిన్నచూపు చూడకండి. "తెలియదమ్మా, కనుక్కుని చెప్తా" అన్న డాక్టరు, తెలుసన్నట్టు తల ఊపేసిన డాక్టరు కంటే వంద రెట్లు నయం.

ఇదేదో మన పల్లెల ఖర్మ అనుకోకండి. బ్రిటన్‌లో వైద్యం చేసే ప్రతి వెటర్నరీ డాక్టరూ రోజుకు 24 గంటలూ అత్యవసర ప్రథమ చికిత్స, నొప్పి నివారణ అందేలా ఏర్పాటు చేసి తీరాలని అక్కడి వృత్తి నియమావళే చెబుతుంది. అట్టాంటి చోట కూడా కుందేళ్లు పెంచేవాళ్ల సంఘం, కుందేళ్లని బాగా చూసే డాక్టర్ల జాబితా ఒకటి వేరేగా పెట్టుకుంది. రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరుకి కుక్కలు తెలిసినంతగా కుందేళ్లు తెలియకపోవచ్చన్నది వాళ్ల బాధ కూడా. తలుపు తెరిచి ఉండటం ఒకటి, లోపల తెలిసినవాళ్లు ఉండటం ఇంకొకటి.

మనకి తెలిసినవాళ్లు ఎక్కడున్నారంటే, నెల్లూరులో పెంపుడు జంతువుల క్లినిక్కులు ఉన్నాయి, చేజర్ల నుంచి పొదలకూరు మీదుగా గంటకు పైగా ప్రయాణం. తిరుపతిలో 1955లో పెట్టిన పశువైద్య కళాశాల ఉంది, ఇప్పుడది శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. పిల్లలు చదువుకునే చోటు కాబట్టి కేసులు చూసే ఆసుపత్రి కూడా ఉంది. రాపూరు, వెంకటగిరి దాటి పోవాలి, నూరు కిలోమీటర్ల పైమాటే. రాత్రిపూట బైకు మీద అట్టపెట్టె పట్టుకుని అంత దూరం పోయే ముందు అవతల ఎవరు ఉన్నారో ఫోన్‌లో తేల్చుకోవాలి. ఆ నంబర్లు ఇవాళే సేవ్ చేసుకోండి. మీకు దగ్గర్లో ఉన్న డాక్టరు చెయ్యి, దూరంగా ఉన్న డాక్టరు అనుభవం, ఈ రెండిటినీ ఒక వీడియో కాల్‌లో కలపొచ్చు. మండలం సారు సిరంజి పట్టుకుంటే, నెల్లూరు సారు డోసు చెప్తారు. ఇద్దరితో ముందే పరిచయం ఉంటే ఇది పెద్ద మాటేం కాదు.

ఫోన్ చేసినప్పుడు "సార్ మా కుందేలు డల్‌గా ఉంది" అంటే ఏమీ తేలదు. బరువెంత, చివరిసారి ఎప్పుడు తింది, చివరి పెంటికలు ఎప్పుడు వేసింది, కడుపు మెత్తగా ఉందా డప్పులా బిగిసిందా, ఇవీ చెప్పాల్సినవి. పెంటికల ఫోటో సిగ్గుపడకుండా పంపండి. ఊపిరి తీసే తీరు అరనిమిషం వీడియో తీయండి. బరువు తెలియకపోతే డోసు లేదు, కాబట్టి నెలకోసారి కిరాణా కొట్టు కాటా మీద తూచి ఫోన్‌లో రాసి పెట్టుకోండి. బరువు తగ్గుతూ పోతుంటే రోగం కంటికి కనపడకముందే కాటా చెప్పేస్తుంది.

డాక్టరు ఫోన్ ఎత్తకపోతే కోపం తెచ్చుకోకండి. ఆ టైముకి ఆయన ఏదో ఊళ్లో, పశువుల కొట్టంలో, దూడ అడ్డం తిరిగిన బర్రె దగ్గర మోచేతి దాకా తడిసి ఉండొచ్చు. ఆ బర్రె మీద ఒక ఇల్లు బతుకుతుంటుంది. అట్టాంటప్పుడు మన మల్లి రెండోది అవుతుంది, కష్టంగా ఉన్నా అదే న్యాయం. పదిసార్లు ఫోన్ కొట్టకుండా, ఒక్క మెసేజ్‌లో పైన చెప్పినవన్నీ రాసి పెట్టండి. చేతులు కడుక్కున్నాక చూస్తారు. రాత్రి పూట వచ్చిన ప్రైవేటు డాక్టరు ఫీజు అడగలేదని ఊరుకోకండి, అడిగి ఇవ్వండి. రెండోసారి ఫోన్ ఎత్తేది అందుకే కాకపోయినా, మర్యాద మర్యాదే.

ఈలోపు ఇంట్లో చేయాల్సింది తక్కువ, చేయకూడనిది ఎక్కువ. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లిండామైసిన్ లాంటివి నోటి ద్వారా పోస్తే కుందేలు పేగులోని మంచి బ్యాక్టీరియా చచ్చి, విషం పుట్టించేవి పెరుగుతాయి. డాక్టరు ఇంజెక్షన్‌గా ఏం వేస్తారన్నది వేరే లెక్క, అది వాళ్లకి వదిలేయండి. పసిపిల్లల కడుపునొప్పి చుక్కలు కొన్నింటిలో డైసైక్లోమిన్ ఉంటుంది, అది పేగు కదలికని ఇంకా తగ్గిస్తుంది. డాక్టరుకి సీసా పేరు చదివి వినిపించకుండా ఒక్క చుక్క కూడా వద్దు. కుక్కల గోమార్లకి కొట్టే ఫిప్రోనిల్ స్ప్రే కుందేలుని చంపేస్తుంది, ఆ డబ్బా అసలు దగ్గరికే రానివ్వకండి. కడుపు డప్పులా ఉంటే సిరంజితో ఏదీ బలవంతంగా పట్టించొద్దు. నీళ్లు, గడ్డి అందేలా పెట్టండి. చెవులు చల్లగా ఉంటే వేడినీళ్ల సీసాకి తువ్వాలు చుట్టి పక్కన ఆనించండి.

ఎండదెబ్బ అయితే దీనికి తిరగబడి ఉంటుంది. రోహిణి కార్తెలో మన నెల్లూరు ఎండ మనుషులకే తట్టుకోలేనిది. 30 డిగ్రీలు దాటితేనే కుందేలు ఇబ్బంది పడుతుంది, ఒళ్లంతా బొచ్చు, చెమట పట్టదు, వేడి వదిలేది ఎక్కువగా చెవుల గుండానే. నోరు తెరిచి ఎగరొప్పుతుంటే నీడకి మార్చి, చెవులు మామూలు చల్లటి నీళ్లతో తడపండి. ఐసు నీళ్లలో ముంచొద్దు. మే నెలలో రేకుల షెడ్డు కింద బోను పెట్టడం మానేస్తే ఈ పేరా మీకు అవసరమే రాదు.

బండి మీద తీసుకుపోవాలంటే గాలి రంధ్రాలున్న అట్టపెట్టె, అడుగున తువ్వాలు, గుప్పెడు గడ్డి. చెవులు పట్టుకుని ఎత్తొద్దు. వెనక కాళ్ల కింద చెయ్యి పెట్టి ఎత్తండి. గాల్లో గట్టిగా తన్నిందంటే దాని వెన్ను అదే విరుచుకుంటుంది. జతలో రెండోది ఉంటే దాన్నీ తీసుకెళ్లండి, భయం తగ్గుతుంది.

అన్నట్టు, పొలంలో దొరికిన చెవులపిల్లి కూనని ఇంటికి తెచ్చి "కుందేలు" అని పెంచేవాళ్లు మన వైపు ఉన్నారు. అది అడవి జీవి, 1972 వన్యప్రాణి చట్టం కిందికి వస్తుంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికీ భయపడాలి. దొరికిన చోటే వదిలేయడం మేలు.

రాత్రి ఫోన్లు చాలావరకు పగటి పళ్లెంలో మొదలవుతాయి. క్యారెట్లు, బిస్కెట్లు, అన్నం, మరమరాలు ముద్దుగా తింటుందని పెడతాం. కుందేలు తిండిలో ముప్పాతిక పైన గడ్డే ఉండాలి, గరికో, ఎండుగడ్డో. మన ఊళ్లో గరికకి కరువా? ఒక్కటే జాగ్రత్త, వరి గట్ల మీద కలుపు మందు కొట్టారా అని చేను వాళ్లని అడిగి కోసుకోండి.

చెల్లెలు మళ్లీ ఒకదాన్ని తెచ్చింది. మొన్న బుధవారం దాన్ని పశువైద్యశాలకి తీసుకుపోతే ముందు వరుసలో రెండు ఎనుములు, ఒక మేక. అట్టపెట్టెలో ఏముందని అందరూ తొంగి చూశారు. డాక్టరు సారు చెవులు చూసి, పళ్లు చూసి, "బరువెంత?" అన్నారు. చెల్లెలు ఫోన్ తీసి చూపించింది. కిలో ఎనిమిది వందలు.