మీ కంప్యూటరుతో పాటు ఎవరు లేస్తున్నారు?

ఖరగ్‌పూర్ తెలుగువారికి, ముఖ్యంగా రైల్వే పింఛనుదార్ల ఇళ్ళకీ గోల్‌బజార్ ఆన్‌లైన్ దుకాణాలకీ ఈ మాట. కంప్యూటరు వేయగానే, మీరు ఏదీ తెరవకముందే, వాటంతట అవే మొదలయ్యే ప్రోగ్రాముల జాబితా ఒకటి ఉంటుంది. దాన్ని ఈ రోజే చూడండి.

అంత తొందరేమిటంటారా? 2017 మేలో వన్నాక్రై వైరస్ దేశదేశాలకూ పాకినప్పుడు, మన జిల్లాలోనే బెల్దా, దాంతన్, నారాయణగఢ్, కేశియారిలలో విద్యుత్ పంపిణీ సంస్థ ఆఫీసుల కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లూ తప్పించుకోలేదు. ఫైళ్ళకు తాళం వేసి 300 డాలర్ల బిట్‌కాయిన్ అడిగిన ఆ వైరస్, మెషీన్ ఆపి మళ్ళీ వేసినా తాను లేచేలా విండోస్ స్టార్టప్ పట్టీలో పేరు రాసుకుంది. అది దూరిన కంతను పూడ్చే అప్‌డేట్ రెండు నెలల ముందే, మార్చిలో, వచ్చేసింది!

ఇప్పటి దొంగకు వైరస్ కూడా అక్కర్లేదు. బ్యాంకు నుంచంటూ ఫోన్ చేస్తాడు. "చిన్న ప్రోగ్రాం వేసుకోండి సార్, మీ పని నేనే చేసిపెడతా" అంటాడు. అది ఎనీడెస్క్ లాంటి రిమోట్ ప్రోగ్రాం. మంచి పనికి పుట్టిందే. కానీ ఇన్‌స్టాల్ చేయించి, పాస్‌వర్డ్ తానే పెట్టుకున్నాడంటే, ఆ మెషీన్ వేసి ఉన్నప్పుడల్లా మీ అనుమతి లేకుండానే లోపలికొస్తాడు. ఈ తరహా మోసం గురించి రిజర్వ్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. నవంబరు వస్తే పెద్దవాళ్ళు లైఫ్ సర్టిఫికెట్ కోసం ఆధార్, పీపీఓ నంబర్లు చెప్పి వేలిముద్ర వేసేది ఆన్‌లైన్ దుకాణాల్లో కూడా. అక్కడి కంప్యూటరులో ఏం నడుస్తోందో దుకాణదారుకే తెలియకపోతే ఎలా?

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో స్టార్టప్ పేజీ తెరిచి, అక్కర్లేనిదాని మీద రైట్ క్లిక్ చేసి డిజేబుల్ అనండి. పేరు తెలియకపోతే ముందు తెలిసినవాళ్ళను అడగండి. యాంటీవైరస్ జోలికి మాత్రం పోవద్దు. డిజేబుల్ చేస్తే ప్రోగ్రాం పోదు. మీరు కావాలని వేసుకోని రిమోట్ ప్రోగ్రామైతే అన్‌ఇన్‌స్టాల్ చేయాల్సిందే. ఇలాంటి ప్రోగ్రాములు తెర వెనుక నడిచే సర్వీసుల్లో దాక్కుని స్టార్టప్ పేజీలో కనబడకపోవచ్చు కూడా. అందుకే సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్ అయిన యాప్‌ల జాబితా కూడా పై నుంచి కింది దాకా చదవండి. స్పీడు పెంచుతామంటూ ఉచితంగా దొరికే ప్రోగ్రాములను నమ్మకండి. అవే స్టార్టప్‌లో తిష్ఠ వేయొచ్చు.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అది నడిచే పాత మెషీన్ మీద బ్యాంకు పనులు పెట్టుకున్నవాళ్ళు మరీ జాగ్రత్త.

డబ్బు ఇప్పటికే పోయిందా? వెంటనే నెట్ తీసేయండి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, పాస్‌వర్డులు వేరే ఫోను నుంచి మార్చండి. పిల్లలు ఏమంటారో అని దాచుకోకండి, రేపు చూద్దామనుకోకండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.