సంతకం పెడితే విడాకులైపోతాయా?

రాత్రి ఏడున్నర. మా అమ్మ సీరియల్ చూస్తోంది. భర్త ఒక కవరు తెచ్చి భార్య ముందు పడేశాడు. విడాకుల కాగితాలట. ఆమె మొహాన్ని మూడు వైపుల నుంచి చూపించారు. కన్నీటి చుక్క కాగితం మీద పడింది, పక్కనే సంతకమూ పడింది. ‘అయిపోయింది, పిల్ల బతుకు బజారున పడింది’ అంది అమ్మ. సంతకంతో విడాకులు రావమ్మా అంటే, ‘నువ్వూరుకో, చూపిస్తున్నారుగా’ అని కసిరింది.

సీరియళ్లలో తప్పులు వెతకడం నా సరదా కాదు. పట్టుచీరలో నిద్రపోవడం, వడ్డాణం పెట్టుకుని పప్పు పోపు వేయడం ఎప్పుడో క్షమించేశాను. అట్ట కిరీటం పెట్టుకుని వచ్చినవాణ్ణి రాజుగారని ఒప్పుకుని తెల్లవార్లూ నాటకం చూసిన వాళ్లం మనం. ఆసుపత్రి సీన్లలో, మానిటర్ మీద గీత సాపైపోయిన గుండెకు షాక్ ఇచ్చి లేపుతారు. పూర్తిగా ఆగిన గుండెకు షాక్ పనిచేయదు, ఛాతీ నొక్కాలి, మందివ్వాలి. అయినా ఎవరూ ఆ యంత్రాన్ని ఇంట్లో పెట్టుకోరు కాబట్టి అదీ పోనీ.

విడాకుల కాగితాలు అలా కాదు. ఇవాళ సీరియల్లో చూసినది రేపు ఎవరి గుమ్మంలోకైనా రావచ్చు. ఆచారం ప్రకారం విడిపోయే కొన్ని కులాల మాట వదిలేస్తే, 1955 నాటి హిందూ వివాహ చట్టం కింద కోర్టు లేని విడాకులు లేవు. పరస్పర అంగీకారమైతే కనీసం ఏడాది విడిగా ఉండి, ఇద్దరూ కలిసి పిటిషన్ వేయాలి. తర్వాత ఆరు నెలలాగి మళ్లీ వచ్చి అదే మాట చెప్పాలి. ఈ ఆరు నెలల గడువును తగిన కేసుల్లో తగ్గించవచ్చని 2017లో సుప్రీంకోర్టు అంది గానీ, జడ్జి అక్కర్లేదనలేదు. ఈలోగా ఆమె మనసు మార్చుకుంటే అంగీకార విడాకులు ఆగిపోతాయి. రచయితలకు ఇంతకన్నా మంచి మలుపు ఏం కావాలో నాకు తెలియదు.

అత్తగారు సూట్‌కేసు బయటికి విసిరి ‘ఇది నా ఇల్లు’ అనే సీను కూడా అంతే. 2005 నాటి గృహహింస చట్టం కోడలికి తాను కాపురమున్న ఇంట్లో ఉండే హక్కునిచ్చింది. ఆ ఇల్లు అత్తమామల పేరున ఉన్నా ఆ హక్కు వర్తించవచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక ‘కార్తీకదీపం’ సీరియల్. 2017 నుంచి 2023 జనవరి దాకా ఇంటింటా వెలిగింది. అందులో హీరో డాక్టర్ బాబు గుండె వైద్యుడు. తనకు పిల్లలు పుట్టరన్న రిపోర్టు నమ్మి భార్య వంటలక్కను అనుమానించాడు. ఆమెకు పుట్టిన కవలలకు బడికి వెళ్లే వయసొచ్చినా అనుమానం తీరలేదు. ఒక్క డీఎన్ఏ పరీక్ష చేయించుకోవయ్యా అని రాష్ట్రమంతా నవ్వుకుంది. మన దేశంలో డీఎన్ఏ వేలిముద్రల విధానానికి ఆద్యుడు లాల్జీ సింగ్ పనిచేసింది హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలోనే. ఎక్కడో కేరళలో తండ్రెవరన్న తగువును ముప్పై ఏళ్ల కిందటే ఆ సంస్థ పరీక్షతో తేల్చారు. తెలుగు సీరియళ్లు తయారయ్యేదీ హైదరాబాద్‌లోనే!

నన్ను ఎక్కువ బాధపెట్టింది డీఎన్ఏ కాదు. కాపురంలో పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డేనని మన సాక్ష్య చట్టం 1872 నుంచీ ముందే నమ్ముతోంది. 2023లో వచ్చిన కొత్త చట్టమూ ఆ సూత్రాన్ని ఉంచింది. కాదనేవాడే ఆ రోజుల్లో భార్యను కలిసే అవకాశమే తనకు లేదని రుజువు చేసుకోవాలి. భార్య నిప్పుల్లో దూకనక్కర్లేదు. సీరియల్ మాత్రం ఆమెను వందల ఎపిసోడ్లు దూకించింది.

రోజుకో ఎపిసోడ్ తీయాలి, చట్టాలు చదివే తీరికెక్కడిదంటారు. తీరిక లేక చేసే తప్పులైతే అటొకటి ఇటొకటి పడాలి. నేను చూసినంతలో ఇవన్నీ ఒకవైపే పడుతున్నాయి. ఆమెకు లేని బాధ్యత తగిలిస్తారు, ఉన్న హక్కు దాచేస్తారు. లాయరు దగ్గరికి వెళ్తే కథ నెలలోనే ముగుస్తుంది కాబట్టి వెళ్లనివ్వరు. కాబట్టి ఇది అజ్ఞానమని నేననుకోను, అవసరం. కాని ఆ అవసరానికి మూల్యం కట్టేది మా అమ్మలాంటి ప్రేక్షకురాలు.

సిగరెట్ వెలిగిస్తే తెర మీద హెచ్చరిక వేస్తున్నారు. విడాకుల కవరు తీసినప్పుడూ ఒక ముక్క వేయమని ఛానళ్లను అడుగుతున్నాను. ఏం వేయాలో కూడా చెబుతాను: ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రభుత్వమే ఉచితంగా లాయరును ఇస్తుంది, న్యాయసేవల నంబరు 15100.