రెండు తేదీల మధ్య జూలా

ముందు నా తప్పు నేనే చెప్పుకుంటాను. 2019లో 'కోల్డ్ వార్' సినిమా చూసొచ్చిన వారంలోనే ఒక చిన్న పత్రికకి సమీక్ష రాశాను. అందులో యోవాన్నా కూలిగ్ గురించి 'నటించినట్టే లేదు' అనీ, 'అడవిలో దానంతటదే పూసిన పువ్వు' అనీ రాశాను. రచయిత్రుల విషయంలో 'అనుభవాన్ని ఉన్నదున్నట్టు దించేసింది' అని తేల్చేసే మగ విమర్శకులతో నా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయం పొడుగునా పోట్లాడిన మనిషిని నేను. సినిమా దగ్గరికొచ్చేసరికి అదే మాట నా కలం నుంచే జారింది. ఈ మధ్య ఒక ఫిల్మ్ క్లబ్బు వాళ్ళు ఆ సినిమా మళ్ళీ వేశారు. తర్వాత జరిగిన చర్చలో ఒక పెద్దాయన లేచి "ఆ అమ్మాయి నటి కాదండీ, ఒక ప్రకృతి శక్తి" అన్నాడు. హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లలో నాకు నా వాక్యమే వినిపించింది. ఇది ఆయన మీద కోపంతో ఎంత రాస్తున్నానో నా మీద కోపంతోనూ అంతే రాస్తున్నాను.

ప్రకృతి శక్తి అంటున్నాం కదా, ఆ శక్తి ఎక్కడ తయారయిందో చూద్దాం. కూలిగ్ 1982లో దక్షిణ పోలండ్‌లోని క్రినిత్సాలో పుట్టింది. 1998లో టీవీ పాటల పోటీ ఒకటి గెలిచింది. క్రాకోవ్ నాటక కళాశాలలో చదివింది. పదేళ్ళ పైచిలుకు నాటకాల్లో, సీరియళ్ళలో, సినిమాల్లో పనిచేసింది. 'కోల్డ్ వార్'లో జానపద బృందం పాటలూ ఆటలూ పట్టుబడడానికి, పోలండ్‌లో ఇప్పటికీ నడుస్తున్న 'మజోవ్‌షె' బృందంతో నెలల తరబడి సాధన చేసింది. ఒకే పాటని పల్లె గొంతుతో, తర్వాత వేదిక గొంతుతో, ఆ తర్వాత పారిస్ జాజ్ గొంతుతో పాడింది. ఇంత చదువూ ఇంత సాధనా ఉన్న మనిషిని 2018లో, ముప్పయ్యారో ఏట, ప్రపంచ పత్రికలు 'ఎదుగుతున్న తార' అని పిలిచాయి. ఆమె ఎదిగి చాలాకాలమైంది. వాళ్ళు చూడడం అప్పుడు మొదలుపెట్టారు, అంతే.

అప్పటిదాకా ఆమెకి దొరికిన పాత్రలేమిటో కూడా చూడాలి. దర్శకుడు పావెల్ పావ్లికోవ్‌స్కీ 2011లో తీసిన 'ది ఉమన్ ఇన్ ది ఫిఫ్త్'లో పారిస్‌లో మద్యం అందించే పోలిష్ పిల్ల. అదే ఏడాది మవ్గొజాతా షుమోవ్‌స్కా తీసిన 'ఎల్'లో పారిస్‌లో చదువుకుంటూ దేహాన్ని అమ్ముకునే పోలిష్ విద్యార్థిని. 2013లో 'ఇదా'లో హోటల్ బ్యాండులో పాడే అమ్మాయి. 2018లో పారిస్ చేరిన పోలిష్ గాయని. ఆ సినిమాకి ఐరోపా ఉత్తమ నటి అవార్డు అందుకున్నాక 2020లో వచ్చిన 'ది ఎడ్డీ' సీరియల్‌లో మళ్ళీ పారిస్ జాజ్ క్లబ్బులో పాడే పోలిష్ గాయని! పడమటి ఐరోపా కంటికి తూర్పు ఐరోపా స్త్రీ ఏయే గదుల్లో, ఏయే వెలుతురులో కనిపించాలో ముందే రాసిపెట్టి ఉన్నట్టుంది.

ఇక సినిమాకొద్దాం. కథ 1949లో మొదలై 1964లో ముగుస్తుంది. జానపద పాటలు సేకరించే సంగీతకారుడు విక్తోర్, బృందంలో చేరడానికొచ్చిన జూలా, వాళ్ళ మధ్య ప్రేమ. నలుపు తెలుపుల్లో, పాతకాలపు దాదాపు చదరపు చట్రంలో, ఊకాష్ జాల్ కెమెరా ప్రతి దృశ్యాన్నీ గోడకి తగిలించుకునేంత అందంగా పట్టుకుంది. గంటన్నరైనా లేని సినిమా. కొన్నేళ్ళు గడిచినప్పుడల్లా తెర నల్లబడుతుంది. మళ్ళీ వెలుగొచ్చేసరికి ఊరూ సంవత్సరమూ తెర మీద పడతాయి. ఈ పొదుపుని విమర్శకులు తెగ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. మూడోసారి చూసినప్పుడు, ఆ నల్లటి తెరల్లో ఏం జరిగి ఉంటుందో కాగితం మీద రాసుకుంటూ కూర్చున్నాను.

రాసుకుంటే తేలిందిది. దేశం దాటడానికి జూలా ఒక ఇటాలియన్‌ని పెళ్ళి చేసుకుంది. అది నల్లతెరలో జరిగింది. వెనక్కి వచ్చి జైలు పాలైన విక్తోర్‌ని పదిహేనేళ్ళ శిక్ష నుంచి ముందే బయటికి తేవడానికి పార్టీ మనిషి కచ్మరెక్‌ని పెళ్ళాడింది. అదీ నల్లతెరలోనే. కచ్మరెక్‌తో బిడ్డని కంది. ఎవరెవరిని బతిమాలిందో, ఏ గుమ్మాల ముందు ఎన్ని గంటలు నిలబడిందో, రాత్రుళ్ళు ఎలా గడిచాయో, అన్నీ నల్లతెరలోనే. విక్తోర్ పియానో ముందు కూర్చుని మౌనంగా బాధపడడం మాత్రం మనకి తీరిగ్గా కనిపిస్తుంది. అంటే ఆయన బాధ దృశ్యం, ఆమె శ్రమ విరామం. కూలిగ్ గొప్పతనం ఇక్కడుంది. చూపించని ఆ ఏళ్ళన్నిటినీ ఆమె తర్వాతి దృశ్యంలోకి భుజాల మీద మోసుకొస్తుంది. 1964లో నల్ల విగ్గు పెట్టుకుని ఒక చవకబారు పాట పాడి, తూలుతూ వేదిక దిగే దృశ్యంలో ఆ నడక చూడండి. ఐదేళ్ళ కాపురం ఆ నడకలో ఉంది. స్క్రిప్టులో లేనిదాన్ని ఒంటితో రాసిన మనిషిని మనం 'నటించినట్టే లేదు' అన్నాం.

జూలా మొదట బృందంలోకి వచ్చినప్పుడు ఆమె మీద కోర్టు కేసుంది. తండ్రిని కత్తితో పొడిచింది. ఎందుకని విక్తోర్ అడిగితే, ఆయన నన్ను మా అమ్మ అనుకున్నాడు, తేడా ఏమిటో కత్తితో చెప్పాను అన్న అర్థం వచ్చేట్టు జవాబిస్తుంది. హాల్లో నవ్వారు. మా క్లబ్బులో కూడా నవ్వారు. ఒక ఆడపిల్ల తన మీద తండ్రి చేసిన అత్యాచార ప్రయత్నాన్ని జోకుగా మార్చుకుని చెప్తే తప్ప చెప్పలేని స్థితి అది. సినిమా అక్కడ ఆగదు, ముందుకు జరిగిపోతుంది. ఏళ్ళ తర్వాత పారిస్‌లో, జూలాకి పేరు రావాలని, ఆ సంగతినే విక్తోర్ తన కళాకార మిత్రులకి ముందే ప్రచారం చేసి ఉంచుతాడు. ఆమె నిలదీస్తే, కాస్త రంగు వేశానంటాడు. ఆమె గాయం ఆయన చేతిలో రంగయింది! నా దృష్టిలో సినిమాకి గుండెకాయ లాంటి దృశ్యం ఇది. ఎందుకంటే విక్తోర్ చేసిన పనే విమర్శకులు కూలిగ్‌కి చేశారు. పల్లె పిల్ల, కొండల్లో పుట్టింది, శిక్షణకి లొంగని గొంతు అంటూ రంగు వేశారు. పావ్లికోవ్‌స్కీ ఈ దృశ్యం రాయగలిగాడంటే ఆయనకి ఈ సంగతి తెలుసు. తెలిసి కూడా ముగింపులో జూలా చేత మాత్రలు మింగిస్తాడు, ప్రియుడి పక్కన, శిథిలమైన చర్చిలో. 'ఇదా'లో వాండా కిటికీలోంచి దూకి చనిపోయింది. ఇక్కడ జూలా. ఆయన సినిమాల్లో ఎక్కువ బతికిన స్త్రీలు బతికి బయటపడరు.

ఇరేనా సంగతి మర్చిపోతున్నాం. విక్తోర్‌తో కలిసి ఊరూరా తిరిగి పాటలు సేకరించిన స్త్రీ ఆమె. 'ఇదా'లో వాండాగా నటించిన అగాతా కులేషా ఆ పాత్ర వేసింది. నాయకుడి మీద పాటలు పాడించమని ప్రభుత్వం అడిగినప్పుడు, పల్లె జనం అలాంటివి పాడుకోరని నోరు విప్పి చెప్పింది ఇరేనా. విక్తోర్ మౌనంగా కూర్చున్నాడు. ఆ తర్వాత ఇరేనా సినిమాలోంచే మాయమైపోతుంది. ఎక్కడికెళ్ళిందో, ఏమైందో ఒక్క ముక్క లేదు. నోరు మూసుకున్నవాడు మాత్రం కథానాయకుడై మిగిలాడు.

నా మిత్రులొకరు దీనికి ఒక జవాబు చెప్పారు. 'దర్శకుడు ఈ సినిమాని తన తల్లిదండ్రులకి అంకితమిచ్చాడు, వాళ్ళ పేర్లే పాత్రలకి పెట్టుకున్నాడు, కొడుకు చెప్పే కథలో కొడుకు చూపే ఉంటుంది కదా' అన్నారు. ఉంటుంది. కాదనను. కొడుక్కి తల్లి రహస్యంగా, అందంగా కనిపించవచ్చు. ఆ చూపునే మనమంతా అరువు తెచ్చుకుని విమర్శ అని పేరు పెట్టుకోవడం ఎందుకన్నదే నా తగువు. 2019 ఆస్కార్లలో ఈ సినిమాకి మూడు నామినేషన్లు వచ్చాయి. దర్శకుడికొకటి, కెమెరాకొకటి, విదేశీ చిత్రంగా ఒకటి. కూలిగ్‌కి లేదు. పరాయి భాషలో నటించినవాళ్ళకి ఇవ్వరులే అని సరిపెట్టుకోవడానికీ లేదు. అదే ఏడాది 'రోమా'లో నటించిన ఇద్దరు మెక్సికన్ నటీమణులు నామినేట్ అయ్యారు.

ఇంకొక మాట. ఈ సినిమాని అందరూ స్వేచ్ఛ కథగా చదివారు. తూర్పున జైలు, పడమట స్వేచ్ఛ. ఆడదాని ఒంటి లెక్కన ఆ పటాన్ని ఒకసారి తిప్పి చూడండి. 1956లో సోషలిస్టు పోలండ్ గర్భస్రావాన్ని చట్టబద్ధం చేసింది. జూలా 1957లో చేరిన పారిస్‌లో అది నేరం. ఫ్రాన్స్‌లో చట్టం మారడానికి 1975 దాకా ఆగాల్సొచ్చింది. తీరా ప్రజాస్వామ్యం వచ్చాక, 1993లో, పోలండ్ ఆ హక్కుని దాదాపుగా లాగేసుకుంది. 2020 అక్టోబరు 22న రాజ్యాంగ ట్రిబ్యునల్ పిండంలో తీవ్రమైన లోపాలున్నా కుదరదంది. ఆ చలికాలం లక్షలమంది స్త్రీలు వీధుల్లోకొచ్చారు. నియంతృత్వాన్ని మెచ్చుకోమని కాదు నేనంటున్నది. సరిహద్దు దాటితే స్వేచ్ఛ అన్నది విక్తోర్ నమ్మకం. బెర్లిన్‌లో సరిహద్దు దగ్గర అతను ఎదురుచూస్తే జూలా రాలేదు. దాన్ని పిరికితనమనీ చపలత్వమనీ రాసినవాళ్ళున్నారు. తను అతనంత గొప్పది కాననిపించిందని ఆమె తర్వాత చెప్తుంది. అవతలి వైపు తను ఎవరి భార్యగా, ఎవరి పాటగా బతకాలో ఆమెకి అప్పుడే అర్థమైందేమోనని నాకనిపిస్తుంది.

అదే దేశంలో, మూడేళ్ళ ముందు, 2015లో అగ్నీష్కా స్మొచిన్‌స్కా 'ది లూర్' తీసింది. 1980ల వార్సా నైట్‌క్లబ్బులో పాడే ఇద్దరు మత్స్యకన్యల కథ. మార్తా మజురెక్, మిహలీనా ఓల్షన్‌స్కా నటించారు. ఒకామె ప్రేమించిన కుర్రాడి కోసం తోక కోయించుకుంటుంది, గొంతు పోగొట్టుకుంటుంది. అతను ఇంకొకర్ని పెళ్ళాడతాడు, ఆమె నురగైపోతుంది. రెండో ఆమె అతని గొంతు చీల్చి నీళ్ళలోకి వెళ్ళిపోతుంది. రక్తం, చేపల పొలుసు, జిగురు, డిస్కో పాటలు, అంతా గందరగోళం. గోడకి తగిలించుకునే ఫ్రేములు తక్కువ. కానీ కోత నల్లతెరలో జరగదు. ఆపరేషన్ బల్ల మీద, మంచు పరిచి, మన కళ్ళ ముందే జరుగుతుంది. ప్రేమకి ఆడపిల్ల ఏం చెల్లించిందో అంగుళాల లెక్కన చూపిస్తుంది స్మొచిన్‌స్కా. సన్‌డాన్స్‌లో జ్యూరీ ప్రత్యేక బహుమతి వచ్చింది. మా ఫిల్మ్ క్లబ్బు వాళ్ళని ఇది వేయమని అడిగితే 'అది మరీ భయంకరంగా ఉంటుంది, కుటుంబాలతో వస్తారు కదండీ' అన్నారు. తండ్రి చెర నుంచి తప్పించుకోవడానికి కత్తి పట్టిన పిల్ల జోకుకి ఆ కుటుంబాలన్నీ నవ్వాయి మరి.

నా పాత సమీక్ష ఇప్పటికీ ఒక సంకలనంలో ఉంది. కొత్త ముద్రణ వేస్తున్నామని ప్రచురణకర్తలు మొన్న ఉత్తరం రాశారు. 'నటించినట్టే లేదు' కొట్టేసి, ఆమె క్రాకోవ్‌లో చదివిందనీ, నెలల తరబడి సాధన చేసిందనీ, విగ్గు పెట్టుకుని తూలుతూ నడిచిన ఆ పది అడుగుల్లో ఐదేళ్ళు ఉన్నాయనీ రాసి పంపాను. పేజీ పెరుగుతుందని వాళ్ళు అంటున్నారు. పెరగనివ్వండన్నాను.